తీసేసిన ఒక్క లైను

“మాస్టారూ, అడుగడుక్కీ తగవు పెట్టుకునే తోడు మంచిదా, నోరెత్తకుండా కలిసిపోయే తోడు మంచిదా?” అని అడిగింది ఇందుమతి.

అడిగింది మనుషుల గురించి కాదు. నది ఒడ్డున వరద అంచనా వేసే ఆ చిన్న ఆఫీసులో ఆరు నెలలుగా ఆమె నూకరాజు మాస్టారి దగ్గర ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటోంది. ఎగువన కురిసిన వాన లెక్క ఇస్తే దిగువన నీరెంత పెరుగుతుందో చెప్పే ప్రోగ్రామ్ రాసింది. అందులో కష్టమైన సమీకరణాలు విప్పే పని మాత్రం సొంతంగా రాయలేదు. ఎవరో ఏళ్ల కిందట రాసిన, నలుగురి చేతుల్లో నలిగి నిగ్గుతేలిన ప్రోగ్రామ్ ముక్కల లైబ్రరీని తెచ్చి తగిలించింది. అందులో తప్పేమీ లేదు. ఒకరు దంచిన పిండిని మళ్లీ దంచడం తెలివికాదు.

ఆ లైబ్రరీతో పాటు దాని షరతుల పత్రం లాంటి మాడ్యూల్ ఒకటి వచ్చింది. లైబ్రరీకి ఎన్ని అంకెలు, ఎంతెంత పరిమాణంలో ఇవ్వాలో అందులో రాసి ఉంది. దాన్ని వాడతానని ప్రోగ్రామ్ మొదట్లో ఒక లైను రాయగానే, రాసినదాన్ని తనిఖీ చేసి యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఒప్పుకోనంది. తప్పుల చిట్టా విప్పింది. రెండు రోజులు చూసి, విసిగి, ఇందుమతి ఆ లైను తీసేసింది. కంపైలర్ కిక్కురుమనలేదు. ముక్కల్ని కలిపే లింకర్ ఆమె ప్రోగ్రామ్‌నీ లైబ్రరీనీ అతికేసింది. జవాబూ వచ్చింది: నీరు రెండు అంగుళాలు పెరుగుతుందట. పన్నెండింటికి ఆ అంకె పైవాళ్లకి చెప్పాలి. పల్లపు వీధిలో నూట ఎనభై కొంపలు ఖాళీ చేయించాలో వద్దో దాన్ని బట్టే తేలుతుంది.

మాస్టారు తెర వైపు వంగి ఆ అంకె చూశాడు. ప్రోగ్రామ్ అంటే చిల్లులు పొడిచిన అట్టకార్డుల కట్ట అయిన రోజుల్లో, ఒక్క తప్పు దిద్దుకోవడానికి వారమేసి రోజులు వరసలో నిలబడి నేర్చుకున్న మనిషాయన.

“పోయినేడు భాద్రపదం వాన లెక్క ఉందా?” అన్నాడు.

“ఉంది మాస్టారూ.”

“అదిచ్చి నడుపు.”

నడిపింది. తెర మీద మూడు అంగుళాలని వచ్చింది.

“పోయినేడు పల్లపు వీధి బడిలోకి నీళ్లెంత దాకా వచ్చాయమ్మా?”

“నల్లబల్ల మునిగింది.”

“మూడంగుళాలకే! బల్లని నేల మీద పడుకోబెట్టారేమో, కనుక్కో.”

అప్పటికి పదకొండున్నర. ఆమె ఆ లైను మళ్లీ రాసింది. కంపైలర్ మళ్లీ తగవు మొదలెట్టింది. ఈసారి మొదటి తప్పు దగ్గరే ఆగి, పూర్తిగా చదివింది. లైబ్రరీకి ఒక్కో అంకె ఎనిమిదేసి బైట్ల జాగాలో కావాలి. తను నాలుగేసి బైట్లలో ఇస్తోంది. అంటే ఆమె పంపిన రెండేసి అంకెల్ని కలిపి ఒక్కటిగా మింగుతోందది! లింకర్ చూసేది పేరొక్కటే. పేరు కుదిరితే చాలు, ముడివేసేస్తుంది.

అంకెల పరిమాణం మార్చింది. ఈసారి తగవు రాలేదు. పోయినేటి లెక్కకి పదకొండు అడుగులని వచ్చింది. రేవు దగ్గర అప్పుడు రాసుకున్న కొలతకి జానెడు తేడా. ఈనాటి వానకి తొమ్మిది అడుగులు.

ఫోన్ అందుకుంది. “తొమ్మిదండీ. అంగుళాలు కాదు, అడుగులు! పల్లపు వీధి ఖాళీ చేయించండి, ఇప్పుడే.”

ఫోన్ పెట్టేసి ఆమె మాస్టారి వైపు తిరిగింది. ఉక్రోషంగా అంది. “అతికేటప్పుడు ఆ లింకరైనా ఒక్క మాట అనొచ్చుగా మాస్టారూ!”

మాస్టారు కిటికీలోంచి నది వైపు చూస్తూ అన్నాడు. “అభ్యంతరం చెప్పినవాణ్ణి బయటికి గెంటింది నువ్వు. సభ ఏకగ్రీవమైందని సంబరపడిందీ నువ్వే.”