అమావాస్య పోటు

సముద్రానికి దగ్గర్లో, మడచెట్ల నడుమ పారే ఉప్పుటేరులో ఒక బురద దిబ్బ ఉండేది. అందులో బొరియ తవ్వుకుని ఒక పీత కాపురముండేది. దాని పొట్టకింద వేలకొద్దీ గుడ్లు, నేడో రేపో విచ్చుకునేలా ఉన్నాయి. పెద్ద పోటు వచ్చినప్పుడే పిల్లల్ని నీళ్లలోకి వదలడం పీతల ఆచారం.

అమావాస్య నాడు తెల్లవారగానే, ఏరు ఇంకా మోకాలిలోతు ఉండగా, ఒక నక్క దిబ్బ మీదికొచ్చింది. బొరియలోకి తోక జార్చి, పీత పట్టుకోగానే పైకి లాగి తినడం దాని పద్ధతి. ఈ పీత ఎంతకీ పట్టుకోలేదు. నక్కకు అనుమానం వచ్చి గోళ్లతో తవ్వసాగింది. వెలుతురు పీత వీపు మీద పడింది.

"మామా, వెళ్లిపో. ఇవాళ చాలా పెద్ద పోటు," అంది పీత.

నక్క తవ్వడం ఆపింది. ఆకాశంలో చంద్రుడే లేనప్పుడు నీళ్లను లాగేదెవరని అడిగింది.

"లేకేం, సూర్యుడి పక్కనే ఉన్నాడు, ఆ వెలుగులో మనకి కనబడడు. ఇద్దరూ ఒకే వైపున ఉండి లాగుతున్నారు. బరువు పెరిగేకొద్దీ లాగుడు పెరుగుతుంది, దూరం పెరిగేకొద్దీ సన్నగిల్లుతుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మరీ దూరాన ఉన్నాడు. చంద్రుడు చిన్నవాడే అయినా దగ్గరున్నాడు గనక, నీళ్లను పొంగించడంలో ఆయనదే పైచేయి."

వింటే వింతగానే ఉంటుంది మరి. నక్క కళ్లు చికిలించింది.

"పెద్దాయన ఉండగా చిన్నోడిది పైచేయా? అయినా ఇదంతా నాకెందుకు చెబుతున్నావు కోడలా? నేను నిన్ను తినబోయేవాణ్ణి కదా."

"నమ్మకపోతే మానెయ్," అంది పీత తాపీగా.

ఆ తాపీతనంతో నక్కకు అనుమానం ఇంకా ముదిరింది. ఇంతగా పొమ్మంటోందంటే, పారిపోవడానికి వెనకాల ఇంకో దారి ఉండే ఉంటుందనుకుంది. తవ్వకం వదిలేసి, ఆ దారి కోసం దిబ్బంతా తిరుగుతూ కనబడ్డ ప్రతి కన్నంలోనూ ముక్కు పెట్టింది. పాదాలు తడిస్తే, పీతలన్నీ కూడబలుక్కుని అడుగునుంచి నీళ్లు తోడుతున్నాయంది. పొట్ట తడిశాక తలెత్తి చూస్తే దిబ్బా లేదు, గట్టూ లేదు. పోటు దాన్ని ఎత్తి తీసుకెళ్లి మడచెట్టు వేళ్లలో ఇరికించింది.

పీత నింపాదిగా బయటికొచ్చి, పొట్ట విదిలించి, తన వేలమంది పిల్లల్నీ ఆ నీళ్లలోకి వదిలింది.

"నువ్వు చెప్పేది నిజమని ముందే అనకూడదూ?" అని వేళ్లలోంచి మూలిగింది నక్క.

"అంటే నమ్మేవాడివా మామా?"

అందరినీ అనుమానించేవాణ్ణి బోల్తా కొట్టించడానికి నిజం ఒక్కటి చెబితే చాలు.