నొసటి ముడి

కొండమీది దర్గాలో ఉండే ఫకీరు కరీముల్లా షా నవ్వితే శిష్యుడు మదార్‌కి ఆ రోజు పండగే. ఆయన పలకకపోతే ముద్ద దిగేది కాదు. పొద్దున "మా బాబా దేవుడు" అన్న నోటితోనే సాయంత్రం "రాతిగుండె మనిషి, నన్ను వదిలేశాడు" అనేవాడు. మూట కట్టుకుని కొండ దిగడం, మళ్ళీ ఏడుస్తూ ఎక్కి రావడం అతనికి మామూలే. తోటివాళ్ళు నవ్వుకునేవారు. కానీ ఎవరికి ఒంట్లో కాస్త నలతగా ఉన్నా ముందు కనిపెట్టేది మదారే. అంత మనసు అందరికీ ఉండదు.

దర్గాలో ఏటా జరిగే ఉరుసు ఉత్సవానికి ముందు అక్కడొక ఆచారం ఉంది. శిష్యులంతా తమ పాత బట్టల్లోంచి తలో ముక్క ఇస్తారు. గురువు వాటిని తన అతుకుల అంగీకి స్వయంగా కుట్టుకుంటాడు.

ఆ రోజు మదార్ ఇచ్చిన ముక్క వంతు వచ్చింది. గురువు దాన్ని ఒళ్ళో పెట్టుకుని సూది పైకెత్తాడు. నొసలు ముడిపడ్డాయి, పళ్ళు బిగుసుకున్నాయి.

ఆ ముఖం చూడగానే అది తన మీద కోపమే అనుకున్నాడు మదార్. లోపలికెళ్ళి మూట కట్టుకుని వచ్చాడు.

"పోతున్నా బాబా. నా గుడ్డ కూడా మీకు గిట్టలేదు."

ఇంకొకరైతే కసిరేవారు, లేదంటే కూర్చోబెట్టి బోధ మొదలుపెట్టేవారు. ఈయన సూదీ దారం ముందుకు చాచాడు.

"పోదువులే. నాకు చూపు ఆనడం లేదు. ఇది ఎక్కించి పో."

మదార్ గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చున్నాడు. దారం కొస తడిపి, నొసలు ముడిచి, పళ్ళు బిగించి బెజ్జంలోకి దూర్చబోయాడు.

"ఎవరి మీదరా అంత కోపం?" అన్నాడు గురువు మెల్లగా.

"కోపమెక్కడిది బాబా? దారం..."

మదార్ చేతిలోని సూదినీ, గురువు ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు.

దారం ఎక్కించి తలెత్తాడు. "ఇప్పుడు తెలిసింది. కానీ రేపు నా మనసు మళ్ళీ ఇదే చెబుతుంది. అది నా మాట వినదు బాబా."

"చెప్పనీ. కొండ దిగేముందు ఒక్కసారి నన్నడుగు."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"మీకు విసుగు రాదా?"

"వస్తుంది," అన్నాడు గురువు సూది అందుకుంటూ. "వస్తే విసుగొచ్చిందని చెబుతా. పొమ్మని మాత్రం అనను."