స్తంభాల మూలుగు

ఒకానొక సముద్రం నడుమ ఉప్పులంక అనే చిన్న రాజ్యం ఉండేది. దాని రాజు గజకంఠీరవుడికి బిరుదులంటే ఎంత పిచ్చో, కట్టడాలంటే అంత పిచ్చి. వెయ్యి స్తంభాల కొలువుకూటం కోసం పడమటికొండ మీది అడవంతా నరికించాడు. దాంతో ఆ కొండ ఊట ఎండిపోయింది. చుట్టూ ఉప్పునీళ్లు. తాగడానికి తూర్పుకొండ ఊట ఒక్కటే మిగిలింది.

"సగం స్తంభాలే లేచాయి. తూర్పుకొండ కూడా కొట్టెయ్యండి" అన్నాడు రాజు, ఆ కూటంలోనే కొలువుతీరి.

విదూషకుడు కొండుభట్టు పక్కనే ఉన్నాడు. ఆ ఊట కూడా పోతే లంకలో జనమంతా దాహంతో చస్తారు. ఆ మాటే చెప్పబోయి మంత్రి చెరసాలకు పోయాడు. భట్టు చేతులు జోడించాడు.

"చిత్తం ప్రభూ! కాకపోతే మన లంకలో ఆచారం ఒకటుంది. చెట్టు కొట్టేముందు దాని మొదలుకి గొడ్డలి ఆనించి, అందులో ఉన్న కంటికి కనబడనివాళ్లని వేరే చెట్టుకి వెళ్లమని వేడుకోవాలి. తమరి తొందరలో ఎవరూ అడగలేదు. వాళ్లు కలపతోపాటే వచ్చేసి ఉంటారు."

"ఎక్కడికి?"

"ఇక్కడికే ప్రభూ."

రాజు పెదవి విరిచాడు.

మిట్టమధ్యాహ్నం. వడగాలి వీస్తోంది. ఉన్నట్టుండి ఒక స్తంభం టప్పుమంది. దూరంగా ఇంకొకటి, బదులు చెబుతున్నట్టు, కిర్రుమని మూలిగింది. ఆ తరువాత మనిషన్నవాడు లేని మూలనుంచి, ఎవరో పళ్లు కొరుకుతున్న చప్పుడు. భటులు గోడలకి అతుక్కుపోయారు.

"ఏ... ఏమంటున్నారయ్యా?" రాజు సింహాసనం మీదికి కాళ్లు ముడుచుకున్నాడు.

భట్టు స్తంభానికి చెవి ఆనించాడు. "ఇక్కడ ఇరుకుగా ఉందట. తూర్పుకొండ వాళ్లు కూడా వస్తే తమరి పడకగదిలో సర్దుకుంటారట."

"వద్దు! వాళ్లని వెనక్కి పంపే దారి చెప్పు!"

"చెట్లుంటేనే పోతారు ప్రభూ. పడమటికొండ నిండా మొక్కలు నాటించాలి. ఇకమీదట ఒక చెట్టు కొట్టాలంటే, దాని బదులు నాటింది ముందు మనిషెత్తు దాటాలి."

అప్పటికప్పుడు శాసనం వెలువడింది. మంత్రి కూడా బయటపడ్డాడు.

కొన్నాళ్లకి ఎవరో వడ్రంగి అసలు సంగతి రాజు చెవిన వేశాడు. ఆరని పచ్చికలప ఎండకి బీటలువారితే అలాగే చప్పుడవుతుందట! భట్టుకి కబురొచ్చింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"నన్నే వెర్రివాణ్ణి చేస్తావా?"

"ప్రభూ, కలపలోంచి నీరు పోతుంటే చప్పుడవుతుంది. లంకలోంచి నీరు పోతుంటే ఏ చప్పుడూ కాదు. అందుకే, వినిపించే చప్పుడేదో తమకి వినిపించాను."

రాజు కాసేపు గుడ్లురిమి చూశాడు. తరువాత పొట్ట పట్టుకుని నవ్వాడు. తన మెడలోని హారం తీసి భట్టు మెడలో వేశాడు. "శాసనం అలాగే ఉండనీ. మొక్కలు మాత్రం నిదానంగా నాటిద్దాంలే" అన్నాడు.

సింహాసనం టప్పుమంది.

రాజు నవ్వు ఆగిపోయింది. "ఇదీ పచ్చికలపేనా, భట్టూ?"

భట్టు ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. "కాదు ప్రభూ. ఇది తమరి తాతగారి కాలంనాటి ఎండుకలప."

"అయితే మొక్కలు ఇవాళే నాటించు" అన్నాడు రాజు, మెల్లగా లేచి నిలబడుతూ.