ఊళ్లో అసలు వింత

యవన దేశపు పాత నగరం ఒకదానిలో ఫిలోమెని అనే ఆవిడ పూటకూళ్ల ఇల్లు నడిపేది. కొత్తగా వచ్చిన నగరాధికారి క్రేతో ఆ ఇంటి మీద కన్నేసి, ఎవరూ లేనప్పుడు ఆవిడను బెదిరించేవాడు. ఇంతలో రాజుగారు ఊరి వింతలు చూడటానికి వచ్చి ఆవిడ ఇంట్లోనే దిగారు. మొర పెట్టుకుందామంటే సాక్ష్యం లేదని ఆవిడకు ఒకటే గుబులు.

మర్నాడు రాజుగారిని కొండవాలులోని రాతి నాటకశాలకు తీసుకెళ్లి, "పై మెట్టు నుంచి సముద్రం కనిపిస్తుంది ప్రభూ" అని పంపింది. తాను కింద వేదిక మధ్యలో ఆగింది. వాళ్ల వెంట వచ్చిన క్రేతో కూడా ఆవిడను వదలకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఇల్లు ఇవ్వనంటే ఏం చేస్తారయ్యా?" అని మెల్లగా అడిగింది.

"రాజుగారి భోజనంలో విషం కలిపావని చెబుతాను. ఆయన నమ్మేస్తాడు" అన్నాడతను గొంతు తగ్గించి.

"నేను నమ్మను, క్రేతో!" అని పై మెట్టు నుంచి రాజుగారి గొంతు వినిపించింది.

క్రేతో బిక్కచచ్చిపోయాడు. రాజభటులు వచ్చి అతని రెక్కలు పట్టుకున్నారు.

"ఈ ఊళ్లో అసలు వింత ఇదేనయ్యా" అంది ఫిలోమెని అతనితో. "ఇక్కడ గుసగుసలాడినా పై మెట్టు దాకా వినిపిస్తుంది."