కిరీటం లోపలి కుట్లు

కిరీటం బిగుతైందని ఎవరు పంపినా లక్షణాచారిగారు ముట్టుకునేవారు కాదు. పెట్టుకునే మనిషి స్వయంగా రావలసిందే. పద్యనాటకాల వాళ్ళకు కిరీటాలు, భుజకీర్తులు చేసే పెద్దాయనకు ఇదేం చాదస్తమోనని అందరూ విసుక్కునేవారు.

ఒకనాడు ఏలూరు నాటక సమాజం వాళ్ళు వ్యానులో ఓ కిరీటం పంపించారు. మర్నాడే నాటకం. వేషధారి మాత్రం రాలేదు. శిష్యుడు మౌనేశ్, నలభై ఏళ్ళవాడు, కత్తెర చేతపట్టి ఉండబట్టలేక అడిగేశాడు.

“లోపలి పట్టీ అరంగుళం వదులు చెయ్యడానికి మనిషెందుకండీ గురువుగారూ? పావుగంట పని!”

ఆచారిగారు అటక మీంచి ఓ పాత కిరీటం దింపించి ఒళ్ళో పెట్టుకున్నారు. అది కోటిలింగానిది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల దుర్యోధనుడంటే కోటిలింగమే. ఆచారిగారు చెప్పుకొచ్చిన సంగతి ఇది.

ముప్పై అయిదేళ్ళ వయసులో కోటిలింగం వచ్చి, కిరీటం నొక్కేస్తోందన్నాడు. “చప్పట్లు తలకెక్కాయిరా నీకు!” అని నవ్వి, ఆచారిగారు కుట్లు విప్పి పట్టీ వదులు చేశారు. మరుసటేడూ అదే మాట. ఆ పై ఏడూ అంతే. దవడ ముందుకొచ్చింది, చేతులు లావెక్కాయి, గొంతు గంభీరమైంది. అబ్బ, ఏం నిండుతనమని జనం ఈలలు వేశారు. వేషానికి కలిసొచ్చిందని అందరూ మురిసిపోయారు, ఆచారిగారితో సహా.

ఈలోగా కోటిలింగానికి షుగర్ వచ్చింది. ఎన్ని మాత్రలు మింగినా దిగదు. తెర వెనక చెంబులకొద్దీ నీళ్ళు తాగేవాడు. దొంగచాటుగా తింటున్నాడని భార్య దమయంతి బెల్లం డబ్బాకు తాళం వేసింది, అన్నం తగ్గించింది, నలుగురిలో దులిపేసింది. “నీ మీదొట్టు, నేను తినడం లేదే,” అని అతను కళ్ళనీళ్ళు పెట్టుకున్నా నమ్మలేదు. పాపం, ఎవరు నమ్ముతారు?

చివరికి ఆయాసంతో స్టేజీ మీదే కూలబడ్డాడు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ రిపోర్టులకన్నా ముందు అతని చేతులు చూసింది. తలలో శనగగింజంత గడ్డ లేచి, ఎదుగుదల హార్మోన్ను ఆపకుండా వదులుతోందని పరీక్షల్లో తేలింది. తలనూ చేతులనూ పెంచిందీ, షుగర్ను దిగనివ్వనిదీ అదే. గుండె కూడా పెరిగిపోయింది. “ముందే వస్తే ఆపరేషన్‌తో చాలావరకు సర్దుకునేది. ఈ మార్పు ఎన్నాళ్ళనుంచి?” అని ఆమె అడిగితే, రోజూ చూసే ఇంటివాళ్ళు చెప్పలేకపోయారు.

నెల తిరక్కుండానే కోటిలింగం పోయాడు. దినాలయ్యాక దమయంతి కిరీటం ఇచ్చెయ్యడానికి వచ్చింది. లోపలి పట్టీ మీద విప్పేసిన కుట్ల చిల్లులు ఆమె కంట పడ్డాయి. మూడు వరసలు. ఏటికొకటి. ఒక్కో వరసా వేలితో తడిమింది.

“అన్నయ్యగారూ, నేను ఆయన పళ్ళెంలో అన్నం తీసేశాను,” అంది. “డాక్టరమ్మ అడిగిన లెక్క మీ చేతి కుట్లలో ఉంది.”

అంతవరకు చెప్పి ఆచారిగారు ఒళ్ళోని కిరీటం తిరగేసి చూపించారు. మౌనేశ్ ఆ చిల్లుల మీద వేలు పెట్టబోయి మానేశాడు. కత్తెర కింద పెట్టాడు. వీధిలో వ్యాను హారన్ కొడుతూనే ఉంది.

“వాళ్ళకేం చెప్పమంటారండీ?”

“వాళ్ళ కిరీటం ఇచ్చి పంపెయ్,” అన్నారు ఆచారిగారు. “తలను రమ్మను.”