నింపాదమ్మ నడిపించిన ఒడ్డుదారి

తాళ్లమెరక నుంచి గువ్వలరేవుకు చిట్టేటి ఒడ్డున సాగే కాలిదారి మూడు మైళ్లు. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. చంకన బిడ్డ ఉన్న తల్లి కూడా ఆయాసం లేకుండా గంటన్నరలో చేరుకుంటుంది. సగం దారిలో నల్లమద్ది చెట్ల నీడన చిన్న గుడి ఉంది. లోపల విగ్రహమంటూ లేదు. పడుకున్న గేదె వీపులా నున్నగా ఉండే నల్లరాయికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంటాయి. ఆమే నింపాదమ్మ తల్లి. ఈ పేరేమిటని మొదటిసారి వచ్చిన భక్తులు అడుగుతారు. అడగవలసిందే.

పూర్వం ఇక్కడ దారి లేదు. ఒడ్డంతా మనిషెత్తు రెల్లు. అందులో అడుగుపెడితే ఊబిలో దిగబడిపోతారని పెద్దలు పిల్లలకు చెప్పేవారు. ఆ పిల్లలు పెద్దవారై తమ పిల్లలకు చెప్పేవారు. దిగి చూసినవారు మాత్రం ఎవరూ లేరు. రాకపోకలన్నీ మధ్యనున్న ఎర్రగుట్ట మీదుగానే.

ఆ కాలంలో తాళ్లమెరకలో పోలమ్మ అనే గొల్ల ఇల్లాలు ఉండేది. భర్త పోయాడు. ఒక్కగానొక్క కూతురు సీతాలును గువ్వలరేవులో ఇచ్చింది. ఆ పిల్లకు తొమ్మిదో నెల వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. పైగా గువ్వలరేవులోది అత్తగారు లేని ఇల్లు, మంత్రసాని ఉన్నది తాళ్లమెరకలోనే. అయితే అంతకుముందు ఏడు ఒక చూలాలిని డోలీలో గుట్ట మీదుగా తెస్తుండగా, నడినెత్తిన నొప్పులు వచ్చి తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. ఆ భయంతోనే పోలమ్మ ఏడో నెలలో తేవలసిన కూతుర్ని తేలేకపోయింది. తేకుండా ఉండనూ లేకపోయింది.

ఒకనాడు ఆమె చూడిగేదె బొల్లి మందలో కనబడలేదు. మర్నాడు కబురు వచ్చింది, మీ గేదె మీ వియ్యంకుడి దొడ్లో ఉందని. పోలమ్మ గుట్ట ఎక్కి దిగి వెళ్లి, గేదెను నిలువెల్లా తడిమి చూసింది. ఒంటిమీద గీత లేదు. గిట్టలకు గుట్ట మీది ఎర్రమట్టి లేదు. మోకాళ్ల దాకా ఏటి ఇసుక ఉంది.

పోలమ్మ ఎలా ఆలోచించిందో ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి. నెలలు నిండిన గేదె గుట్ట ఎక్కదు. ఎక్కకుండానే ఇంత దూరం వచ్చింది. అంటే ఏటి ఒడ్డున చదునైన దారి ఉండే ఉండాలి. మరి, గేదెను మోసిన నేల మనిషిని మోయదా?

"అన్నయ్యా, పిల్లను ఈ గేదె వెనకే తీసుకుపోతాను," అంది వియ్యంకుడు బుడ్డయ్యతో.

"బాగుంది చెల్లెమ్మా! గేదె చూపిన దారిన కోడల్ని పంపానంటే, ఊళ్లోవాళ్లు నన్ను కూడా కట్టుగొయ్యకు కట్టేస్తారు."

"నీ కట్టుగొయ్య సంగతి తరువాత చూద్దాం. పోనీ, గుట్ట ఎక్కించి పంపుతావా? చెప్పు."

సీతాలే చెంగు బిగించి లేచింది. "దానికీ నాకూ నెలలు నిండే ఉన్నాయి మామా. అది నడిచిన చోట నేనూ నడుస్తాను."

ముందు బొల్లి, వెనక సీతాలు, చివర కర్రతో పోలమ్మ. గేదె రెల్లును పాయలు తీస్తూ ఒక్కొక్క అడుగే వేసింది. నేల గట్టిగానే ఉంది. సగం దారి వచ్చేసరికి బొల్లి ఉన్నట్టుండి కూలబడి నెమరు వేయసాగింది. ఎగువన వాన పడ్డట్టుంది, ఏటి నీరు ఎర్రబారుతోంది. పోలమ్మ కంగారుపడి కర్ర ఎత్తింది.

"లేవే బొల్లీ! ఇక్కడే ఈనుతావా ఏమిటి?"

"కొట్టకే అమ్మా. నాకూ కూర్చోవాలనే ఉంది. నన్నూ కొడతావా? నింపాదిగా పోదాం."

"ఏరు పొంగుతుంటే నింపాది ఎక్కడిదే?" అంటూనే పోలమ్మ కర్ర దించి, కూతురి పక్కన కూర్చుని పాదాలు పిసకసాగింది.

అంతలో ఎదుట ఇరవై అడుగుల దూరంలో ఒడ్డు పెళ్లగిలి, రెల్లుతో సహా ఏట్లో పడిపోయింది. మొన్న గువ్వలరేవుకు వచ్చేటప్పుడు బొల్లి తొక్కిన జాడలు ఆ నేల మీదనే ఉన్నాయి. పోలమ్మ చేతిలోని కర్రను ఏట్లోకి విసిరేసింది. కాసేపటికి బొల్లి తనంతట తానే లేచి, ఒడ్డుకు ఎడంగా మద్దిచెట్ల వెనక నుంచి నడక సాగించింది. పొద్దు వాలకముందే ముగ్గురూ ఇల్లు చేరారు. మూడోనాడు సీతాలు ఆడపిల్లను కన్నది.

పురుడు వెళ్లాక పోలమ్మ పొంగలి వండుకుని ఆ చోటికి వెళితే, గేదె పడుకున్న పల్లంలో ఈ నల్లరాయి తేలి ఉంది. అమ్మవారే గేదె రూపున వచ్చిందని కొందరు, గేదెకు బుద్ధి పుట్టించిందని కొందరు అన్నారు. పోలమ్మను అడిగితే మాత్రం, "ఎవరైతేనేం, నేను కర్ర ఎత్తాను," అనేదట.

వరదలకు ఏటేటా ఒడ్డు మారుతుంది. అందుకని ఆశ్వయుజంలో నీరు తీశాక, మొదటి శుక్రవారం తాళ్లమెరకవారు ఒక చూడిగేదెకు పసుపు రాసి, పలుపు విప్పి వదులుతారు. రెండూళ్లవారూ వెనక నడుస్తారు. ఎవరూ చేతికర్ర తేకూడదు. ముసలివారు పక్కవారి భుజం పట్టుకోవాలి. గేదె నడిచిన చోటే సున్నంతో గుర్తులు పెడతారు. ఆ సంవత్సరానికి అదే దారి. ఆ దారిన పుట్టింటికి నడిచిన చూలాలికి కాన్పు సుఖంగా జరుగుతుందని నమ్మకం. గేదె పడుకుంటే అందరూ కూర్చోవాలి. ఒక ఏడు అది పొద్దున పడుకుని మిట్టమధ్యాహ్నం దాకా లేవలేదు. పంచాయతీ పెద్దలు, బాలింతలు, పెళ్లికి వెళ్లవలసినవారు అందరూ ఎండలోనే కూర్చున్నారు. ఒక్కరూ 'హెయ్' అనలేదు.