పటిక పొట్లం

ఆ వారం నాంచారయ్య బుర్రలో ఇద్దరు నాయకులు కాపురం పెట్టేశారు. కుడిచెవి దగ్గర ఒకాయన, ఎడంచెవి దగ్గర ఒకావిడ. లేచింది మొదలు పొడుకునేదాకా ఒకటే గోల. మజ్జిగనుకుని చేపల పులుసు గ్లాసులో పోసుకుని తాగేసి, పుల్లగా బాగుందన్నాడంటే మీరే అనుకోండి ఎట్టా ఉన్నాడో.

సంగతేంటంటే, సముద్రాలవతల ఒక పెద్ద దేశం విమానాలేసుకెళ్ళి, ఇంకో దేశంలో ఉన్న అణుకేంద్రాల మీద బాంబులు కురిపించింది. ఆ బాంబులు పడ్డ దేశం రేవులోనే, బందరు పక్క పల్లెపాలెం వాళ్ళు అరవైయొక్క మంది పడవల మీద కూలికెళ్ళి ఇరుక్కుపోయారు. అందులో ఒకడు నాంచారయ్య తమ్ముడు ఏడుకొండలు. వాడి గొంతు ఫోనులో విని అయిదు రోజులైంది.

శుక్రవారం సాయంత్రం ఇద్దరు నాయకులు పాలెం రేవుకొస్తన్నారు. ఒకాయన పురుషోత్తం గారు, ఒకావిడ సులోచన గారు. ఇద్దరికీ ఢిల్లీలో పలుకుబడి ఉంది. మా వాళ్ళని ఇళ్ళకి తెప్పించండని పాలెంలో ఆడోళ్ళంతా ఒక అర్జీ మీద వేలిముద్రలేశారు. వచ్చిన చిక్కల్లా ఏంటంటే, వాళ్ళిద్దరి పగ ఎట్టాంటిదంటే ఒకరు ముట్టిన కాగితం ఇంకొకరు చీపురుతో కూడా ముట్టరు. అందుకని అర్జీ ఒక్కరికే ఇయ్యాలి.

సంఘం పెద్ద మోకా పోలయ్య నాంచారయ్యని పిలిపించాడు.

"ఒరే అబ్బాయ్, పదకొండేళ్ళ కింద కూడా ఆ పెద్ద దేశం ఇట్టాగే ఇంకోచోట అణుకేంద్రం మీద బాంబులేసింది గదా. అప్పుడు వీళ్ళిద్దరూ ఏమన్నారో ఎతికి పట్టుకురా. బాంబులెయ్యడం రైటేనన్న మనిషి రేపు మనోళ్ళ కోసం నోరు తెరవరు. ఇదిగో అర్జీ, నీ దగ్గరే ఉంచు, ఎవరికియ్యాలో నువ్వే తేల్చు. పాలెం మొత్తమ్మీద పది చదివినోడివి నువ్వొక్కడివే."

"పది తప్పాను పెదనాన్నా."

"తప్పడానికైనా అందాకా ఎళ్ళావు గదరా. పో."

ఇక చూస్కోండి! బందరు లైబ్రరీలో పాత పేపర్లు దులిపితే లేచిన దుమ్ముకి చిలకలపూడిలో జనం తుమ్మారు. టీకొట్లో బజ్జీలు కట్టే కాగితాలు కూడా వదల్లేదు, నూనె పిండుకుని మరీ చదివాడు. ఫోనులో పాత వీడియోలు చూసి చూసి ఫోను ఎంత కాలిందంటే దాని మీద అప్పడాలు కాల్చుకోవచ్చు. ఆఖరికి ఒక గోనెసంచి నిండా కాగితాలు కూడబెట్టాడు.

అందులో ముప్పాతిక సంచి పురుషోత్తం గారే. అప్పట్లో బందరు బీచిలో మీటింగు పెట్టి, "ఇది ఘోరం, ఇది పాపం" అని ఏడ్చాడు. తువ్వాలు పిండితే సముద్రం జానెడు పెరిగిందని పేపరోడే రాశాడు. నాలుగు నెలలు తిరక్కుండా హైదరాబాదులో పెద్దోళ్ళ సభలో, "తప్పదు, ఆ నిప్పు అక్కడే ఆర్పాలి" అన్నాడు. మర్నాడు అడిగితే, "రెండూ నేను అన్నవే, రెండూ ఒకటే" అన్నాడు. మళ్ళీ ఓట్ల ముందు పావురాన్ని ఎగరేశాడు. అది ఎగరకుండా ఆయన భుజం మీదే కూర్చుంది.

మరి సులోచన గారో! సంచి మొత్తమ్మీద సగం పేజీ ఒక్కటే. అందులోనూ సినిమా బొమ్మ కింద మూలన నాలుగు లైన్లు. వాటిల్లో ఆవిడ మాట కోసం ఎతికాడు. ఒక్క మాటా లేదు.

"ఈయన రెండు రకాలుగా అన్నాడు. ఆవిడ ఏమీ అన్లేదు. ఇంక నేను దేన్నని ఎంచేది?" అనుకుంటా సంచి సైకిలు కేరియర్‌కి కట్టుకుని గురువు దగ్గరికి పోయాడు.

ఆ గురువు పేరు మౌలాలి బాబా. పెడన కాలవ గట్టున ఆయనకో అద్దకం పాక ఉంది. బట్టకి రంగెక్కించడం నేర్చుకోవాలన్నా, మనిషికెక్కిన రంగు దించుకోవాలన్నా అదే పాక. సముద్రమెక్కితే కక్కుకునే పల్లెకారోడు భూమ్మీద నాంచారయ్య ఒక్కడే కాబట్టి, ఆరేళ్ళుగా ఇక్కడే శిష్యరికం చేస్తన్నాడు.

బాబా నాలిక సంగతి చెప్పుకోవాలి. అద్దకం నీళ్ళు ఒక్క చుక్క నాకితే చాలు, ఏ బావి నీళ్ళో, అందులో బొక్కెనెవరు ముంచారో, వాళ్ళు పొద్దున్నే ఏం తిన్నారో చెప్పేసేవాడు. మాట మాత్రం పొదుపు. ఆయన రోజుకి పది మాటలు మాట్లాడాడంటే కాలవలో చేపలు తల పైకెట్టి వినేవి.

బుధవారం పొద్దున నాంచారయ్య ఆయన ముందు సంచి బోర్లించాడు. అర్జీ సంగతి, తమ్ముడి సంగతి, అంతా చెప్పాడు.

"మీరే చెప్పండి బాబా. ఎవరి మాట నిలబడుద్ది?"

బాబా కాగితాల గుట్ట చూశాడు. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన దుప్పటి చూపించాడు.

"ఎర్ర పూలు అద్దు."

ఎర్ర పూలద్దడానికి పటిక నీళ్ళలో జిగురు కలుపుతారు. పటికేమో నాలిక్కి వగరే గానీ చూడ్డానికి నీళ్ళలాగే ఉంటది, అచ్చు ఎక్కడ పడిందో కంటికి ఆనదు. అందుకని చిటికెడు ఎర్రరంగు కలుపుతారు. ఆ రంగు తర్వాత జాడిస్తే పోద్ది. అసలు ఎరుపు రంగుచెక్క వేసిన నీళ్ళలో ఉడకేసినప్పుడు వస్తది, అదీ పటిక పడ్డచోటే.

నాంచారయ్యకి ఇవన్నీ నిద్రలో కూడా తెలుసు. కానీ చేతులు జిగురు కలుపుతుంటే బుర్రలో పురుషోత్తం గారు ఏడుస్తన్నాడు. రంగేశాడు. ఆయన తువ్వాలు పిండుతున్నాడు. ఇంకాస్త రంగేశాడు. అచ్చు దించితే పువ్వు ఎంత ఎర్రగా పడిందంటే, గట్టున పోయే గేదె బెదిరి కాలవలో దూకింది.

"చూశారా బాబా! ఇట్టాంటి అచ్చు పెడన మొత్తంలో ఎవడేస్తాడు?"

బాబా వచ్చి మూకుట్లో వేలు ముంచి, నాలిక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఎట్టా ఉంది బాబా?"

"ఎర్రగానే ఉంది," అన్నాడు.

తర్వాత ఆ దుప్పటి అంచునే ఒక పేలిక చింపుకుని, మంచినీళ్ళ కుండ దగ్గర కూర్చున్నాడు. బొటనవేలు తడిపి, అక్కడ దేనికో రుద్ది, పేలిక మీద గట్టిగా నొక్కాడు. పేలిక మీద తడి తప్ప ఏమీ కనపళ్ళేదు.

'డెబ్బై దాటినాయి గదా, పాపం,' అనుకున్నాడు నాంచారయ్య.

శుక్రవారం పొద్దున దుప్పటీ పేలికా కాలవలో జాడించారు. పైరంగు పోయింది, అది మామూలే. రాగి డేగిసాలో రంగుచెక్క, మెరుపుకి జాజాకు వేసి, రెండింటినీ కలిపి ఉడకేశారు. నాంచారయ్య కర్రతో తిప్పుతున్నాడు, తిప్పేకొద్దీ గొణుగుతున్నాడు.

"ఏడ్చినాయన మంచోడా? ఏడ్చి మళ్ళీ నవ్వాడే. పోనీ ఆవిడా? ఆవిడకి నోరే లేదే. సాయంత్రం పోలయ్య పెదనాన్న నా మొహం చూస్తాడు. మా అమ్మ కూడా చూస్తది. ఏం చెప్పను?"

బాబా మంట ఎగదోశాడు.

మధ్యాన్నానికి డేగిసా దించారు. నాంచారయ్య కర్రతో దుప్పటెత్తాడు. పూలు లేవు. ఒక్క పువ్వు లేదు. దుప్పటంతా కుడితి రంగు.

కర్రతోనే తిరగేశాడు. రెండోపక్క చూశాడు. అక్కడా కుడితే.

బాబా చెయ్యిపెట్టి అడుగునుంచి పేలిక తీశాడు. దాని మధ్యన ఒక వేలిముద్ర. కోడిజుట్టులాగా ఎర్రగా, గీత గీతా లెక్కపెట్టుకునేట్టుగా.

నాంచారయ్య మంచినీళ్ళ కుండ వైపు చూశాడు. నీళ్ళు తేటపడటానికి కుండలో తిప్పే పటికముక్క మూత మీదుంది. ఒక మూల అరిగుంది.

"పటిక!" అని తల పట్టుకున్నాడు. "బాబా, నేను పటిక కలపలేదు! మీకు నాలిక మీద పెట్టుకున్నప్పుడే తెలుసు. తెలిసీ ఉడకేయించారా? మంచి దుప్పటి గదా!"

బాబా పేలిక పిండి తీగ మీద ఆరేశాడు.

"ఆ రంగు అచ్చేసేవాడి కంటికోసంరా నాంచారూ. బట్టకోసం కాదు."

నాంచారయ్య గోడ గూటి దగ్గరికి పరిగెత్తాడు. బుధవారం కలపాల్సిన పటిక కట్టిన పొట్లం కట్టినట్టే ఉంది. పనికిరాని కాగితమని ఆ రోజు గుట్టలోంచి తీసి తనే చుట్టిన సగం పేజీ. దారం తెంపాడు. పటిక కింద పడింది. సినిమా బొమ్మ కింద మూలన నాలుగు లైన్లు.

వీధరుగు మీద పేపరు చదివే ముసలోడిలాగా వేలు పెట్టుకుని, ఈసారి ఆవిడ మాట కోసం కాకుండా ఊరికే చదివాడు.

బాంబులేసినందుకు ఆ పెద్ద దేశాన్ని మెచ్చుకుంటా సులోచన గారి పార్టీ కాగితం రాసింది. పార్టీలో మిగతా సభ్యులందరూ సంతకాలు పెట్టారు. సులోచన గారు పెట్టలేదు. ఎందుకని అడిగితే జవాబు చెప్పకుండా కారెక్కారు. రాబోయే ఎన్నికల్లో ఆవిడకి టికెట్ లేదు.

అంతే ఉంది.

నాంచారయ్య జేబులోంచి అర్జీ తీశాడు. ఆ కాగితంలో చుట్టాడు. మళ్ళీ విప్పాడు. దూరంగా రోడ్డు మీద మైకు వినపడుతోంది, పురుషోత్తం గారి బండి అప్పుడే రేవుకి బయల్దేరినట్టుంది. మళ్ళీ చుట్టాడు.

"బాబా, ఆవిడ ఎందుకు పెట్టలేదో రాయలేదిందులో. ఎవరి మీదన్నా కోపమేమో? పెన్నులో సిరా లేదేమో? అరవైయొక్క మంది బాబా. మా ఏడుకొండలు. నాకెట్టా తెలుసుద్ది?"

బాబా ఆ చుట్ట అందుకున్నాడు. కాగితం మూల నాలిక చివర ఆనించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

చుట్ట తిరిగి వాడి చేతిలో పెట్టి, గోడకానించిన సైకిలు చూపించాడు.

"వగరుగానే ఉంది."